ఎక్స్‌లో కొత్తగా చేరుతున్నారా? ముందు చదవడం, రాయడం తర్వాత

ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, ఖాతా తెరిచి, రెండు రోజులు అటూ ఇటూ చూసి, ‘ఇదేం గోలరా బాబూ’ అనుకుని వదిలేసినవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు. కదిపితే అందరూ చెప్పేది దాదాపు ఒకటే. తెలిసినవాళ్లు ఎవరూ లేరు. తెరిస్తే చాలు హీరోల ఫ్యాన్స్ కొట్లాటలు, పార్టీల తిట్లు. మనం ఏదైనా రాస్తే పలికే దిక్కు లేదు. మూడూ నిజమే. వాట్సాప్, ఫేస్‌బుక్ అలవాటుతోనే దీన్ని కూడా వాడబోవడం వల్ల వచ్చిన తంటా ఇది. అక్కడ చుట్టాలు, క్లాస్‌మేట్లు ముందే ఉంటారు. ఇక్కడ మనకు కావలసినవాళ్లను మనమే వెతికి పెట్టుకోవాలి. ఆ పని చేయనంతకాలం ఎక్స్ తనకు తోచింది చూపిస్తుంది. దానికి తోచేది ఎక్కువగా జనాన్ని రెచ్చగొట్టేదే.

అందుకే ఈ గైడ్‌లో వరుస కొంచెం వేరుగా ఉంటుంది. ఖాతా తెరిచాక వెంటనే పోస్ట్ రాయమని చెప్పను. మొదటి రెండు వారాలు చదవడానికి ఏర్పాట్లు చేసుకోండి, తర్వాత జవాబులు ఇవ్వండి, ఆ తర్వాతే సొంత పోస్టులు.

## రెండు ముక్కల్లో చరిత్ర

2006లో ట్విట్టర్‌గా మొదలైంది. అప్పట్లో ఎస్సెమ్మెస్ ద్వారా నడిచేది కాబట్టి ఒక ఎస్సెమ్మెస్‌కు ఉండే 160 అక్షరాల్లో 20 పేరుకు వదిలేసి, 140 మెసేజ్‌కు ఇచ్చారు. 2017 నవంబర్‌లో దాన్ని 280 చేశారు. 2022 అక్టోబర్‌లో ఎలాన్ మస్క్ కొన్నాడు, 2023 జులైలో పేరు ఎక్స్ అయింది. జనం మాత్రం ఇప్పటికీ ట్విట్టర్ అనే అంటారు, పోస్ట్‌ను ట్వీట్ అనే అంటారు. మీరూ అలాగే అనొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

మన భాషల్లో ఇలాంటిదే కావాలని ‘కూ’ అనే భారతీయ యాప్ వచ్చింది. తెలుగూ ఉండేది. 2024 జులైలో మూతపడింది. థ్రెడ్స్, బ్లూస్కై, మాస్టడాన్ లాంటివి ఉన్నాయి కానీ ప్రభుత్వ శాఖలు, విలేకరులు, రైల్వే, పోలీసు, వాతావరణం గురించి రాసేవాళ్లు ఎక్కువగా కనిపించేది ఇంకా ఎక్స్‌లోనే. అందుకే దీన్నే తీసుకుంటున్నాను. ఇక్కడ అబ్బిన అలవాట్లు మిగతా చోట్లా పనికొస్తాయి.

## ఖాతా తెరవడం

యాప్ వేసుకోండి, లేదా కంప్యూటర్‌లో ఎక్స్ డాట్ కామ్ తెరవండి. ఫోన్ నంబర్‌తోనో ఈమెయిల్‌తోనో చేరవచ్చు. నన్నడిగితే ఈమెయిల్ మేలు. నంబర్ ఇస్తే, మీ నంబర్ సేవ్ చేసుకున్న ప్రతివారికీ మీ ఖాతా ‘వీరు మీకు తెలిసి ఉండొచ్చు’ అని కనిపించే అవకాశం ఉంది. ఆఫీసులో బాస్‌కూ, ఊళ్లో అద్దె ఇంటి ఓనర్‌కూ మీ క్రికెట్ అభిప్రాయాలు అందించాల్సిన పని లేదు కదా. మధ్యలో ‘కాంటాక్ట్స్ అప్‌లోడ్ చేయమంటారా’ అని అడుగుతుంది, ‘నాట్ నౌ’ నొక్కేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సేఫ్టీ, అందులో డిస్కవరబిలిటీ అండ్ కాంటాక్ట్స్ తెరిచి, ఈమెయిల్‌తోనూ ఫోన్‌తోనూ మిమ్మల్ని వెతకనిచ్చే రెండు టిక్కులూ తీసేయండి.

పేర్లు రెండు ఉంటాయి, ఇక్కడే చాలామంది తికమకపడతారు. డిస్‌ప్లే నేమ్ అంటే పైన లావుగా కనిపించే పేరు. 50 అక్షరాల దాకా ఉండొచ్చు, శుభ్రంగా తెలుగులో రాసుకోవచ్చు, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. యూజర్‌నేమ్ అంటే ‘ఎట్’ గుర్తు తర్వాత వచ్చేది. ఇది ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌లతోనే ఉండాలి, 15 అక్షరాలు దాటకూడదు. మన పేర్లకు 15 అంటే ఇరుకే. ‘వెంకట సుబ్రహ్మణ్యం’ ఇంగ్లిష్‌లో రాస్తే ఇంటిపేరు కలపకుండానే దాటిపోతుంది. ఇంటిపేరు మొదటి అక్షరం, పిలుపు పేరు, కావాలంటే ఊరి పేరులో ముక్క కలిపితే సరిపోతుంది. పుట్టిన సంవత్సరం మాత్రం పెట్టకండి. బ్యాంకు పేరు చెప్పి ఫోన్ చేసే మోసగాడికి వివరం చేతిలో పెట్టినట్టే. ఎక్స్ తనంతట తాను పేరు పక్కన కొన్ని అంకెలు తగిలించి ఒక యూజర్‌నేమ్ ఇస్తుంది. అలాగే వదిలేస్తే చూసేవాళ్లు ఫేక్ ఐడీ అనుకుంటారు.

తర్వాత టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్, అంటే పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోండి. 2023 మార్చి నుంచి ఎస్సెమ్మెస్‌తో కోడ్ వచ్చే పద్ధతి డబ్బు కట్టేవాళ్లకే. గూగుల్ ఆథెంటికేటర్ లాంటి యాప్‌తో చేసేది మాత్రం ఉచితం, పైగా ఎస్సెమ్మెస్ కంటే భద్రం. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అండ్ అకౌంట్ యాక్సెస్ దగ్గర ఉంటుంది. అక్కడ ఇచ్చే బ్యాకప్ కోడ్‌ను కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్‌లో పెట్టండి. ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటే, ఆ ఫోన్ పోయిన రోజు అదీ దానితోపాటే పోతుంది.

## ప్రొఫైల్

ఫొటో పెట్టండి. మీ ముఖమే కానక్కర్లేదు, కానీ ఖాళీ బొమ్మ వదలకండి. 2017 దాకా ఫొటో లేనివాళ్లకు గుడ్డు బొమ్మ కనిపించేది. ‘ఎగ్ అకౌంట్’ అంటే ముఖం దాచుకుని తిట్టేవాడు అనే పేరు పడిపోయింది. గుడ్డు పోయింది గానీ ఆ అనుమానం పోలేదు. మీకు నచ్చిన హీరో ఫొటో పెట్టారనుకోండి, మీరు ఏం రాసినా ముందు ఆ హీరో అభిమానిగానే చదువుతారు. వర్షం గురించి రాసినా సరే.

బయో, అంటే పేరు కింద కనిపించే మీ పరిచయం, 160 అక్షరాలు. మీరు ఎవరో కంటే, మిమ్మల్ని ఫాలో అయితే (అంటే మీ పోస్టులు తనకు కనిపించేలా ఎంచుకుంటే) ఏం దొరుకుతుందో చెప్పడం ఉపయోగం. ‘సింపుల్ పర్సన్, మ్యూజిక్ లవర్, ఫుడీ’ అని లక్షల మంది రాసుకున్నారు. ‘గుంటూరు మిర్చి యార్డ్ రేట్లు, పాత తెలుగు పత్రికలు, అప్పుడప్పుడు టెస్ట్ క్రికెట్’ అని రాస్తే, ఆ మూడింట్లో ఒకటి కావలసినవాడు ఆగుతాడు.

## చదవడానికి ఏర్పాటు

ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే.

హోమ్ తెరవగానే పైన ఫర్ యూ, ఫాలోయింగ్ అని రెండు ట్యాబ్‌లు కనిపిస్తాయి. ఫర్ యూ అంటే ఎక్స్ ఎంచి చూపించేది. మీరు దేని మీద ఆగారు, దేనికి జవాబిచ్చారు అని చూసి అలాంటివే ఇంకా తెస్తుంది. కోపంతో ఒక పోస్ట్‌కు జవాబు రాసినా ‘ఓహో, ఇది ఇష్టమన్నమాట’ అనే దాని లెక్క. ఫాలోయింగ్ అంటే మీరు ఎంచుకున్నవాళ్లవి. కొత్తలో పూర్తిగా ఫాలోయింగ్‌లోనే ఉండండి. అందులో వరుస మార్చుకునే వీలు కనిపిస్తే ‘రీసెంట్’ ఎంచుకోండి, కొత్తవి ముందు వస్తాయి.

ఇక ఎవరిని ఫాలో అవ్వాలి? మొదట సంస్థలతో మొదలుపెట్టండి. అవి తిట్టవు, అలగవు. హైదరాబాద్‌లో ఉంటే ట్రాఫిక్ పోలీసులు, వాతావరణ కేంద్రం. రైలు ప్రయాణాలు ఎక్కువైతే సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే. తిరుమల వెళ్లేవాళ్లకు తిరుమల తిరుపతి దేవస్థానం. ఇస్రో, రిజర్వ్ బ్యాంక్, మీ జిల్లా కలెక్టర్ ఖాతా. ఆ తర్వాత మనుషులు. వానాకాలం మొదలయ్యాక తెలంగాణ వెదర్‌మ్యాన్ లాంటి ఖాతా ఎంత పనికొస్తుందో హైదరాబాద్‌లో సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేవాళ్లను అడగండి.

మనుషులను వెతకడానికి ఒక పద్ధతి ఉంది. మీకు ఇష్టమైన విషయం మీద బాగా రాసే ఒక్కరిని పట్టుకోండి. చేనేత కావచ్చు, శాసనాలు కావచ్చు, షేర్ మార్కెట్ కావచ్చు. వాళ్ల ప్రొఫైల్‌లో ‘ఫాలోయింగ్’ అంకె మీద నొక్కండి. ఆ విషయంలో వాళ్లు ఎవరిని చదువుతున్నారో అంతా అక్కడే ఉంటుంది. ఇలా ఇద్దరు ముగ్గురి జాబితాలు చూస్తే రెండింట్లోనూ కనిపించే పేర్లు కొన్ని తేలతాయి. వాళ్లను ఫాలో అవ్వండి. మొదట్లో నలభై యాభై మంది చాలు. ఫాలో అయ్యే ముందు వాళ్ల చివరి ఇరవై పోస్టులు తిరగేయండి. అందులో సగం కొట్లాటలే అయితే, మనిషి ఎంత పండితుడైనా మీ టైమ్‌లైన్‌లోకి, అంటే హోమ్‌లో వరసగా వచ్చే పోస్టుల్లోకి, ఆ గొడవ వచ్చి పడుతుంది.

తర్వాత లిస్టులు. ఎక్స్‌లో అన్నిటికంటే పనికొచ్చేవీ, అన్నిటికంటే తక్కువమంది వాడేవీ ఇవే అని నా అభిప్రాయం. లిస్ట్ అంటే కొన్ని ఖాతాలను ఒక పేరు కింద చేర్చి, వాళ్ల పోస్టులు మాత్రమే వేరుగా చదువుకునే ఏర్పాటు. మెనూలో లిస్ట్స్ తెరిచి, కొత్తది చేసి, ‘వానలు’ అనో ‘రైళ్లు’ అనో పేరు పెట్టండి. ‘ప్రైవేట్’ అన్నచోట టిక్ పెట్టడం మరవకండి. ప్రైవేట్ లిస్ట్‌లో ఎవరిని చేర్చినా వాళ్లకు తెలియదు, మీరు తప్ప ఇంకెవరికీ కనిపించదు. వాళ్లను ఫాలో కావాల్సిన అవసరం కూడా లేదు. అంటే, ఎన్నికలప్పుడు అన్ని పార్టీల ఖాతాలూ చూడాలి గానీ రోజూ వాళ్ల గోల మీ టైమ్‌లైన్‌లో వద్దు అనుకుంటే, అందరినీ ఒక ప్రైవేట్ లిస్ట్‌లో పడేసి, కావలసినప్పుడు తెరిచి చూసుకోవచ్చు. లిస్టులను పిన్ చేస్తే హోమ్‌లోనే ఫాలోయింగ్ పక్కన ట్యాబ్‌లుగా వచ్చేస్తాయి. ఐదు దాకా పిన్ చేయవచ్చు. అప్పుడు ఇక ఫర్ యూ వైపు వెళ్లే అవసరమే పెద్దగా పడదు.

## వెతకడం

సెర్చ్‌లో మాట కొట్టి ఊరుకుంటే పైన ‘టాప్’ ఫలితాలు వస్తాయి. వాన, కరెంటు, ట్రాఫిక్ లాంటివి వెతికేటప్పుడు పక్కనున్న ‘లేటెస్ట్’ నొక్కాలి. లేకపోతే నిన్నటి వానకు ఇవాళ గొడుగు తీస్తారు.

తెలుగులో రాసినవే కావాలంటే, మాట కొట్టాక ఒక ఖాళీ వదిలి, ఇంగ్లిష్‌లో ఎల్, ఎ, ఎన్, జి అక్షరాలు, కోలన్, టి, ఇ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. తెలుగు పోస్టులే వస్తాయి. ఒకే మనిషి పోస్టుల్లో వెతకాలంటే ఇంగ్లిష్‌లో ఫ్రమ్ అని కొట్టి, కోలన్ పెట్టి, వాళ్ల యూజర్‌నేమ్. తేదీల మధ్య వెతకాలంటే సిన్స్, అన్‌టిల్ అనే మాటలు ఇలాగే కోలన్‌తో, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ. ఎవరైనా నాయకుడు మూడేళ్ల కిందట ఏమన్నాడో బయటికి తీసేవాళ్లు చేసేది ఈ పనే.

తెలుగులో వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. ‘వరంగల్’ అని వెతికితే ‘వరంగల్లో’, ‘వరంగల్లు’ అని రాసినవి జారిపోవచ్చు. హైదరాబాద్, హైద్రాబాద్ రెండూ రాస్తారు. పైగా మనవాళ్లలో సగంమంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. కాబట్టి మాట ఒక్కటే అయినా రెండు మూడు రకాలుగా వెతకాలి.

## జవాబులతో మొదలుపెట్టండి

కొత్త ఖాతాకు ఫాలోవర్లు ఉండరు కాబట్టి మీ సొంత పోస్ట్ చూసేవాళ్లు చాలా తక్కువ. అదే ఇంకొకరి పోస్ట్ కింద మంచి జవాబు రాస్తే, ఆ పోస్ట్ చదివేవాళ్లంతా దాన్ని చూస్తారు. ‘సూపర్ అండీ’, ‘నిజమే సర్’ అనేవి జవాబుల లెక్కలోకి రావు. ఎవరైనా పాత నిజాం కాలపు మెట్లబావి ఫొటో పెడితే, ‘మా మండలంలోనూ ఇలాంటిదే ఉంది, మెట్లు మూడు వైపులా ఉంటాయి, ఇప్పుడు ముళ్లపొదలు కమ్మేశాయి’ అని రాసి మీ ఫొటో జతచేయండి. అలాంటి రెండు జవాబులు చూసి మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లు మధ్యలో వదిలిపోరు.

తెలియనివాళ్లను ‘మీరు’, పేరు పక్కన ‘గారు’. వయసు తెలియనప్పుడు ‘బ్రో’, ‘అన్నా’ కంటే ‘అండీ’ క్షేమం. అవతల ఉన్నది రిటైర్డ్ లెక్చరర్ కావచ్చు, ఇంటర్ పిల్ల కావచ్చు.

మిగతా బటన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. లైక్ చేసినవి 2024 జూన్ నుంచి బయటివాళ్లకు కనిపించవు, రాసినవారికి మాత్రం తెలుస్తుంది. రీపోస్ట్ అంటే ఉన్నది ఉన్నట్టు మీ ఫాలోవర్లకు పంపడం. మీరు ఎంత ‘రీపోస్ట్ అంటే సమర్థన కాదు’ అని బయోలో రాసుకున్నా జనం సమర్థన అనే అనుకుంటారు. కోట్ అంటే మీ మాట జోడించి పంపడం. వెక్కిరించడానికి కోట్ చేస్తే ఆ పోస్ట్‌ను ఇంకాస్త మందికి మీరే చేరవేసినట్టు. తర్వాత చదువుదాం అనుకున్నవి బుక్‌మార్క్ చేయండి, అది ఎవరికీ తెలియదు.

## ఇక రాయడం

ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌కు తెలుగు చేర్చుకుంటే మూడు దారులు: తెలుగు అక్షరాలు నేరుగా, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులోకి మారేది, మైక్ నొక్కి మాట్లాడేది. మైక్ ఈమధ్య బాగానే రాస్తోంది, పోస్ట్ చేసే ముందు ఒకసారి చదువుకుంటే చాలు. కంప్యూటర్‌లో అయితే ఇంగ్లిష్ అక్షరాలను తెలుగులోకి మార్చే లేఖిని సైట్ ఎప్పటి నుంచో ఉంది, విండోస్‌లోనూ తెలుగు ఫోనెటిక్ కీబోర్డ్ ఉంది.

280 అక్షరాలు అన్నది తెలుగువాడికి 280 కాదు. మన కంటికి ‘లక్ష్మి’ రెండక్షరాలు. ఎక్స్ లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ‘స్త్రీ’ మనకు ఒకటి, దానికి ఆరు. ఒత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కపడతాయి. అందుకని తెలుగులో ఒక పోస్ట్‌కు సుమారు ముప్పై, ముప్పై ఐదు మాటలు పడతాయి. లింక్ ఎంత పొడవున్నా 23 అక్షరాలే లెక్క. జాగా చాలక ఇబ్బంది పడుతుంటే ముందు ‘చాలా’, ‘నిజంగా’, ‘అసలు’, ‘ఫ్రెండ్స్’ తీసేయండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఉదాహరణకు ఒకరు ఇలా రాశారనుకోండి: ‘ఫ్రెండ్స్, ఈరోజు మా ఊళ్లో చాలా బాగా వాన పడింది. నిజంగా చాలా హ్యాపీగా ఉంది. మీ దగ్గర ఎలా ఉంది?’ ఏ ఊరో తెలియదు, ఎంత వానో తెలియదు. దాన్నే ఇలా రాయవచ్చు: ‘నర్సంపేట దగ్గర పొద్దున నాలుగింటి నుంచి వాన. పత్తి విత్తిన వాళ్లకు ప్రాణం లేచొచ్చింది. చెరువు మత్తడి పడటానికి ఇంకా మూరెడు ఉంది.’ ఇది 280లో సగం కూడా కాలేదు. కానీ నర్సంపేట నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్నవాడు దీని దగ్గర ఆగుతాడు, టెక్సస్‌లో ఉన్నవాడూ ఆగుతాడు. ‘మా వైపు ఎట్లుంది’ అని అడిగే జవాబులు వస్తాయి. ఊరి పేరు, సమయం, కంటితో చూసిన ఒక వివరం ఉంటే చాలు.

విషయం పెద్దదైతే థ్రెడ్ రాయండి. పోస్ట్ రాసే చోట ప్లస్ గుర్తు నొక్కితే దాని కింద ఇంకొకటి తెరుచుకుంటుంది. మొత్తం రాసుకుని ఒకేసారి పోస్ట్ చేయండి. ఒక్కొక్కటీ విడిగా పెడుతూ పోతే మూడోది రాసేలోపు మొదటిదాని కింద గొడవ మొదలవుతుంది. థ్రెడ్‌లో ప్రతి పోస్ట్‌కూ సొంత అర్థం ఉండాలి. ఎందుకంటే జనం నాలుగోదాన్ని మాత్రమే రీపోస్ట్ చేస్తారు, దాన్ని చూసినవాడు మొదటి మూడూ చదివి ఉండడు.

ఫొటోలు ఒక పోస్ట్‌కు నాలుగు దాకా. ఫొటో కింద ‘ఆల్ట్’ అని ఉంటుంది, అందులో బొమ్మలో ఏముందో రెండు వాక్యాలు రాయండి. చూపులేనివారి ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది. తెలుగులో ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ. ముఖ్యంగా కరెంటు కోత, బస్సు వేళలు లాంటి సమాచారాన్ని బొమ్మగా పెట్టేటప్పుడు ఇది అవసరం.

హ్యాష్‌ట్యాగ్, అంటే హ్యాష్ గుర్తుతో మొదలయ్యే విషయం పేరు, తెలుగులోనూ పనిచేస్తుంది, కానీ మధ్యలో ఖాళీ వస్తే అక్కడితో తెగిపోతుంది. రెండు మాటలను కలిపి రాయండి, లేదా అండర్‌స్కోర్ పెట్టండి. ఒకటో రెండో చాలు. పోస్ట్ కింద పది హ్యాష్‌ట్యాగ్‌లు వరసగా పెట్టేది ఎక్కువగా సినిమా ప్రమోషన్ వాళ్లు. ఆ వరసలో మీరూ నిలబడితే జనం చదవకుండానే దాటేస్తారు.

డబ్బు కట్టనివాళ్లకు ఎడిట్ లేదు. తప్పు కనిపిస్తే తీసేసి మళ్లీ పెట్టాలి. తీసేసినా స్క్రీన్‌షాట్లు ఉండిపోతాయి. కోపంలో రాసింది డ్రాఫ్ట్‌లో పెట్టి భోంచేసి రండి. తిరిగొచ్చాక అందులో చాలావరకు పంపబుద్ధి కాదు.

## ఫిర్యాదులు, వాటి కింద మూగే దొంగలు

చాలామంది ఎక్స్‌లో చేరేదే ఫిర్యాదు కోసం. పనీ జరుగుతుంది. రైల్లో ఏసీ పనిచేయకపోతే రైల్వే సేవ ఖాతాను ట్యాగ్ చేస్తే, అంటే పోస్ట్‌లో దాని యూజర్‌నేమ్‌ను ‘ఎట్’ గుర్తుతో రాస్తే, స్పందిస్తారు. అదే ఫిర్యాదు 139కి గానీ రైల్ మదద్ యాప్‌లో గానీ చేసినా సరే. ఫిర్యాదులో రైలు నంబర్, కోచ్, ఇప్పుడు ఏ స్టేషన్ దాటింది, సమస్య ఏంటి, ఇంతే రాయాలి. ‘సిగ్గుండాలి మీకు’ అని రాస్తే లైకులు వస్తాయేమో గానీ మెకానిక్ రాడు.

పీఎన్ఆర్, ఫోన్ నంబర్, అకౌంట్ నంబర్ మాత్రం బహిరంగంగా పెట్టకండి. బ్యాంకుల మీద, రీఫండ్ల మీద వచ్చే ఫిర్యాదులను పట్టుకోవడానికి దొంగ ఖాతాలు కాచుకుని ఉంటాయి. మీరు ‘డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు’ అని రాసిన నిమిషాల్లో ఒక జవాబు వస్తుంది. బ్యాంకు లోగో, పేరులో ‘కేర్’ అనో ‘హెల్ప్’ అనో ఉంటుంది. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ నంబర్ మెసేజ్ చేయండి’ అంటారు. నంబర్ ఇస్తే ఫోన్ వస్తుంది, మర్యాదగా మాట్లాడతారు, ఒక ఫారమ్ లింక్ పంపి ‘పది రూపాయలు పంపితే వెరిఫై అవుతుంది’ అంటారు. లేదా ఏదో యాప్ వేసుకోమంటారు. ఆ యాప్‌తో మీ ఫోన్ స్క్రీన్ అవతలివాడికి కనిపిస్తుంది, ఓటీపీతో సహా.

వచ్చిన జవాబు అసలుదో కాదో తేల్చుకోవడానికి ఆ ఖాతా ప్రొఫైల్ తెరవండి. ప్రభుత్వ సంస్థలకు బూడిదరంగు టిక్, గుర్తింపు తీసుకున్న కంపెనీలకు బంగారు రంగు టిక్ ఉంటుంది. నీలం టిక్ మాత్రం నెలనెలా డబ్బు కట్టే ఎవరికైనా వస్తుంది, దాన్నిబట్టి ఏ నమ్మకమూ పెట్టుకోకండి. ఖాతా ఏ నెలలో చేరిందో చూడండి. ఆ తేదీ మీద నొక్కితే ఏ దేశం నుంచి నడుస్తోందో, యూజర్‌నేమ్ ఎన్నిసార్లు మార్చారో కూడా ఉంటుంది. ఉన్న చోటును దాచే వీపీఎన్ వాడేవాళ్ల విషయంలో దేశం తప్పు చూపించవచ్చు. కానీ పెద్ద బ్యాంకు ఖాతా పోయిన నెలే పుట్టిందంటే ఇంకేం చూడక్కర్లేదు. మీరే బ్యాంకు వెబ్‌సైట్‌కు వెళ్లి, అక్కడ ఇచ్చిన ఎక్స్ లింక్ నొక్కి రావడం అన్నిటికంటే ఖాయమైన దారి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

## గోలను తగ్గించుకోవడం

తెలుగు ఎక్స్‌లో ఫ్యాన్ వార్స్ ఏడాది పొడవునా నడిచే జాతర. హీరో పుట్టినరోజుకు, టీజర్‌కు, పాత సినిమా రీ రిలీజ్‌కు ఫలానా టైమ్‌కు అందరూ ఒకే హ్యాష్‌ట్యాగ్ కొట్టాలని ముందే ప్రకటించుకుని మరీ ట్రెండ్ చేస్తారు. రాజకీయ పార్టీల సోషల్ మీడియా టీములు చేసేదీ అదే. కాబట్టి ట్రెండింగ్‌లో ఉందంటే ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటోందని అనుకోనక్కర్లేదు.

దీనికి మందు మ్యూట్ వర్డ్స్. ప్రైవసీ అండ్ సేఫ్టీలో మ్యూట్ అండ్ బ్లాక్ తెరిచి, వద్దనుకున్న మాటలు చేర్చండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి, అభిమానులు పెట్టుకునే ముద్దుపేరు, బూతుపేరు కూడా. 24 గంటలకో, 7 రోజులకో, 30 రోజులకో, ఎప్పటికీనో పెట్టుకోవచ్చు. సినిమా ఆదివారం చూద్దామనుకుని శుక్రవారమే కథంతా తెలిసిపోవడం ఇష్టం లేనివాళ్లకు 7 రోజులది బాగా పనికొస్తుంది.

మనిషిని మ్యూట్ చేస్తే అతనికి తెలియదు, మీకు కనిపించడు, అంతే. చుట్టాలు, ఆఫీసువాళ్ల విషయంలో ఇది మర్యాదైన మార్గం. బ్లాక్ చేస్తే అతను మీకు జవాబివ్వలేడు, మెసేజ్ పెట్టలేడు. అయితే 2024 నవంబర్ నుంచి, మీ ఖాతా పబ్లిక్‌గా ఉంటే బ్లాక్ చేసినవాళ్లు కూడా మీ పోస్టులు చదవగలరు. ఎవరైనా వెంటపడి వేధిస్తుంటే, ముఖ్యంగా అమ్మాయిల విషయంలో, బ్లాక్‌తో సరిపెట్టుకోకుండా ‘ప్రొటెక్ట్ యువర్ పోస్ట్స్’ పెట్టుకోండి. అప్పుడు మీరు ఒప్పుకున్నవాళ్లే చదవగలరు. పోస్ట్‌కు ఎవరు జవాబివ్వొచ్చో కూడా రాసేటప్పుడే ఎంచుకోవచ్చు.

వరదలు వస్తే చాలు, పాత వీడియోలు కొత్త ఊరి పేరుతో తిరగడం మొదలవుతుంది. విజయవాడ అని పెట్టిన వీడియోలో షాపు బోర్డులు ఏ భాషలో ఉన్నాయో, బండి నంబర్ ఏ రాష్ట్రానిదో చూస్తే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేస్తే పాతది బయటపడుతుంది. పోస్ట్ కింద కమ్యూనిటీ నోట్ ఉందేమో కూడా చూడండి. వాడేవాళ్లే రాసి, భిన్న అభిప్రాయాలున్నవాళ్లు సరేనంటేనే అది కనిపిస్తుంది. అలాగని నోట్ లేనిదంతా నిజమని కాదు.

చట్టం సంగతి ఒక్క మాట. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. దాంతో ఏం రాసినా చెల్లుతుందనుకునేవాళ్లు ఉన్నారు. పరువునష్టం, మతాల మధ్య ద్వేషం రేపడం, లైంగిక నేరాల బాధితుల పేరు బయటపెట్టడం, ఇవన్నీ ఇప్పటికీ నేరాలే, ఫేక్ పేరుతో రాసినా.

## మిగిలిన సెట్టింగులు, బయటికి దారి

పోస్టులకు లొకేషన్ చేర్చడం ఆపేయండి. ఫొటో ట్యాగింగ్ ఆపేయండి. మెసేజ్ రిక్వెస్టులు ఎవరి నుంచి రావాలో ఎంచుకోండి, లేకపోతే క్రిప్టో, పార్ట్‌టైమ్ జాబ్ వాళ్లు క్యూ కడతారు. వీడియోలు వాటంతటవే ఆడకుండా ఆటోప్లే తీసేస్తే డేటా మిగులుతుంది. మీ పోస్టులను గ్రోక్ అనే వాళ్ల ఏఐకి నేర్పడానికి వాడొద్దనుకుంటే ప్రైవసీ అండ్ సేఫ్టీలో గ్రోక్ అన్నచోట టిక్ తీసేయాలి, మామూలుగా అది పెట్టే ఉంటుంది. నోటిఫికేషన్స్‌లో ఫిల్టర్స్ తెరిచి, కొత్త ఖాతాల నుంచి, ఫొటో లేనివాళ్ల నుంచి వచ్చేవి ఆపవచ్చు. డబ్బు కట్టే ప్రీమియమ్ ఖాతా కొనమని అడుగుతూనే ఉంటుంది. కొత్తలో దానితో పనేమీ లేదు.

ఇదంతా చేశాక కూడా మీకు సరిపడకపోతే ఖాతా మూసేయడం తేలికే. ముందు యువర్ అకౌంట్‌లో ‘డౌన్‌లోడ్ యాన్ ఆర్కైవ్’ నొక్కి, మీరు రాసినవన్నీ ఫైల్‌గా తెప్పించుకోండి. ఫైల్ సిద్ధం కావడానికి ఒక రోజో అంతకంటే ఎక్కువో పట్టవచ్చు, అది చేతికొచ్చేదాకా ఆగండి. తర్వాత డీయాక్టివేట్ చేయండి. 30 రోజుల్లోపు మళ్లీ లాగిన్ అయితే ఖాతా తిరిగొస్తుంది, దాటితే పోయినట్టే. ఆ 30 రోజులూ ఫోన్‌లో యాప్ తీసేయడం మంచిది, అలవాటుగా తెరిచి లాగిన్ అయ్యారంటే మళ్లీ మొదటికొస్తుంది.